పెద్దమ్మకు నేను అమ్మిన పొడి

పెద్దమ్మ కుడికాలికి ఇప్పుడు మూడు వేళ్ళే ఉన్నాయి. ఈ సంగతి చివరిదాకా దాచిపెట్టి చదివేవాళ్ళ చేత కన్నీళ్ళు పెట్టించే ఉద్దేశం నాకు లేదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఆ రెండు వేళ్ళు పోవడంలో నా తప్పెంత అని అమ్మను ఎన్నిసార్లు అడిగినా "నీదేం తప్పు లేదు, ఊరుకో" అంటుంది. అమ్మ మాటకేం. నేను పరీక్ష తప్పితే పేపరు కఠినంగా ఇచ్చారనే మనిషి ఆమె.

కరోనా వచ్చిన రెండో ఏడాది అది. నేను అబుదాబిలో బీబీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. చదువు అంటే పేరుకే, క్లాసులన్నీ ఇంట్లో ల్యాప్‌టాప్ ముందే. నాన్న ఐకాడ్ పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీకి స్టోర్‌కీపర్. జీతం సగం చేశారు, ఉద్యోగం తీసెయ్యలేదు కదా అని దండం పెట్టుకున్నాం. ముసఫ్ఫా దాటాక ఒక విల్లాలో ఉండేవాళ్ళం. విల్లా అనగానే గొప్పగా ఊహించుకోకండి. ఒక పెద్ద ఇంటిని జిప్సమ్ బోర్డులతో ముక్కలు చేసి ఒక్కో ముక్క ఒక్కో కుటుంబానికి ఇచ్చారు. పక్కింట్లో ఎవరైనా తుమ్మితే మా అమ్మ చిరంజీవ అనేది.

వెనకవైపు డ్రైవర్ కోసం కట్టిన గదిలో ముగ్గురు ఆడవాళ్ళు మంచాలు అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళు. వాళ్ళలో పెద్దావిడే పెద్దమ్మ. మాకు చుట్టం కాదు. వాళ్ళది అమలాపురం దగ్గర పల్లె, మాది నెల్లూరు. అమ్మ ఆమెను అక్కా అని పిలిచేది, అందుకని నాకు పెద్దమ్మ అయింది. నాలుగు ఇళ్ళలో వంట చేసేది. వీసా మాత్రం ఒక అరబ్బుల ఇంటి పేరు మీద ఉండేది. పని చేసేది వేరే ఇళ్ళలో కాబట్టి పోలీసన్నా, ఆసుపత్రి అన్నా, చివరికి చేతిలో ఫైలు పట్టుకున్న మనిషన్నా ఆమెకు భయమే. ఎవరింట్లోనో చేపల పులుసు వండిన రోజు మా గుమ్మంలో ఒక గిన్నె పెట్టి, "కాలేజీ పిల్ల తింటాది" అని వెళ్ళిపోయేది.

ఆమెకు షుగర్. పదేళ్ళుగా రోజుకు రెండు మాత్రలు. ఆ మాత్రలు ఇక్కడ కొనేది కాదు. ఊళ్ళో వాళ్ళ డాక్టరు రాసిన చీటీతో, ఇండియా వెళ్ళి వచ్చే ఎవరో ఒకరి పెట్టెలో ఆరునెలలకు సరిపడా తెప్పించుకునేది. మా విల్లాలో దాదాపు అందరిదీ ఇదే పద్ధతి. మా అమ్మ థైరాయిడ్ మాత్రలూ అలాగే వచ్చేవి. ఆవకాయ సీసా, టేపు చుట్టిన పచ్చళ్ళ పాకెట్లు, వాటి సందుల్లో మాత్రల షీట్లు. ఒకరికి అయిపోతే ఇంకొకరి దగ్గర బదులు తీసుకోవడం కూడా ఉండేది, పంచదార కప్పులా. "ఇక్కడి మాత్ర మన ఒంటికి పడదు" అని ఆడవాళ్ళందరి నమ్మకం. నేనేమీ తక్కువ తినలేదు, నేనూ నమ్మాను.

నేను అమ్మకాల్లో చేరింది ఆ ఎండాకాలం మొదట్లోనే. కాలేజీలో నాకంటే సీనియర్ ఒకామె, తనను ఈ అమ్మకాల్లో చేర్చిన లీడర్‌ను పరిచయం చేసింది. లీడర్ హైదరాబాద్ ఆవిడ, అందరం అక్కా అనేవాళ్ళం. రోజూ సాయంత్రం ఆన్‌లైన్‌లో మీటింగ్. ఒక ఆకుపచ్చ పొడి డబ్బాను అక్క కెమెరా ముందు పసిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకునేది. షుగర్, బీపీ, మోకాళ్ళు, జుట్టు, నిద్ర, అన్నిటికీ అదే పొడి. నాన్న మొహం చూడలేక చేరానని అందరికీ చెప్పాను. అది నిజమే కానీ పూర్తి నిజం కాదు. మొదటి మీటింగ్‌లోనే అక్క అందరి ముందూ "ఈ పిల్లలో ఫైర్ ఉంది" అంది. అప్పటిదాకా నాలో ఏదైనా ఉందని ఎవరూ అనలేదు. ఆ ఒక్క మాటకు నేను పడిపోయాను, వెర్రి మొహాన్ని.

అక్క మాకు నేర్పిన పద్ధతి ఇప్పటికీ మర్చిపోలేదు. గడప దగ్గర డబ్బా చూపించకూడదు. ముందు కూర్చోవాలి, మంచినీళ్ళు అడగాలి, ఒంట్లో ఎలా ఉందని అడగాలి. వాళ్ళ బాధ వాళ్ళు చెప్పాకే సంచీలోంచి డబ్బా తీయాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఏదీ మన మాటగా చెప్పకూడదు.

"తగ్గుతది అని నువ్వు చెప్పకు. చానామందికి తగ్గింది అని చెప్పు. అప్పుడు నువ్వు చెప్పినట్టు కాదు, వాళ్ళు చెప్పినట్టు. మన మీదికి ఏం రాదు. కాలేజీ ఐడీ మెడలో వేస్కొని పో, సదువుకున్న పిల్ల అంటే ఇజ్జత్ ఇస్తరు," అంది అక్క.

ఐడీ వేసుకుని తిరిగాను. ముసఫ్ఫా చుట్టుపక్కల తెలుగు వాళ్ళు ఉన్న బిల్డింగులన్నీ నాకు ఆ నెలలో కంఠతా వచ్చాయి. మాస్కు లోపల చెమట, పైన ఎండ, బిల్డింగు కింద నాటూర్లు, అంటే కాపలావాళ్ళు, "యల్లా యల్లా, జావ్" అని తరిమేవాళ్ళు. ఆఫీసు ఉద్యోగం చేసే ఒకాయన అరగంట సేపు డబ్బా వెనక రాసినదంతా చదివి, ఒక్కో ఆకు పేరూ నన్నడిగి, కాఫీ ఇచ్చి, "చదువు మీద దృష్టి పెట్టమ్మా" అని పంపించేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కొననివాడికి సలహా ఎందుకు? ఇప్పుడైతే ఆయన కనబడితే కాళ్ళకు దండం పెడతాను. ఆ నెలలో నాకు దొరికిన మంచి మాట అదొక్కటే.

పద్దెనిమిది తలుపులు తట్టినా ఒక్క డబ్బా పోలేదు. అక్క మీటింగ్‌లో నా పేరు చదివేటప్పుడు కాస్త ఆగి, నిట్టూర్చి, తర్వాతి పేరుకు వెళ్ళేది. ఆ నిట్టూర్పు నాకు తిండి సహించకుండా చేసేది. "బయటోళ్ళ కాడికి ఎందుకు పోతున్నవ్? నీ మనుషులు లేరా? నువ్వంటే ప్రాణం పెట్టేటోళ్ళు ఎవరో వాళ్ళతో షురూ చెయ్యి," అంది. నువ్వంటే ప్రాణం పెట్టేవాళ్ళు అనగానే నాకు చేపల పులుసు గిన్నె గుర్తుకొచ్చింది.

పెద్దమ్మ దగ్గర అంత పద్ధతి అక్కర్లేకపోయింది. నేను ఆమె మంచం మీద కూర్చోగానే తనే మొదలుపెట్టింది. అప్పటికి ఇండియా నుంచి విమానాలు ఆగిపోయి నెల దాటింది. ఆమె మాత్రలు తెచ్చే మనిషి ఊళ్ళోనే ఇరుక్కుపోయాడు. తలగడ కింద నుంచి బిస్కెట్ల డబ్బా తీసి చూపించింది. అందులో రెండు షీట్లు మిగిలాయి.

"రెండేసుకోవలసిన కాడ ఒకటే ఏసుకుంటన్నాను. ఇయ్యి కూడా అయిపోతే ఏం చెయ్యాలో తెలవట్లేదమ్మా. విమానాలు ఎప్పుడు వత్తాయంటావు?"

ఆ షీటు వెనక మందు పేరు చిన్న అక్షరాల్లో ఉంది. అదే మందు మా వీధి చివర ఫార్మసీలో వేరే పేరుతో దొరుకుతుంది. ఫోన్‌లో ఒక్క నిమిషం వెతికితే ఆ సంగతి నాకు తెలిసేది. సినిమా టికెట్టు కోసం గంటలు వెతికిన దాన్ని. ఆ నిమిషం నేను వెతకలేదు. నేను సంచీలోంచి డబ్బా తీశాను.

ఆమె డబ్బాను రెండు చేతులతో తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. చదవడం రాదు. నా మెడలో ఉన్న ఐడీ వంక, నా మొహం వంక చూసి అడిగింది.

"ఇది తాగితే మాత్ర మానేయొచ్చా అమ్మా?"

ఒక్క మాట. మానొద్దు పెద్దమ్మా, ఇది మందు కాదు అనాలి. నోటిదాకా వచ్చింది కూడా. అయితే మాత్ర మానకూడదంటే ఈ పొడి దేనికి అని ఆమె అడిగితే? అప్పుడు ఈ డబ్బా కూడా పోదు, సాయంత్రం మళ్ళీ ఆ నిట్టూర్పు వినాలి.

"చాలామంది మానేశారు పెద్దమ్మా," అన్నాను.

ఎవరు ఆ చాలామంది? నాకు ఒక్కరు కూడా తెలియదు. ఆన్‌లైన్ మీటింగ్‌లో ఎవరో ఒకాయన హిందీలో చెప్పాడు, ఆయన మొహం కూడా సరిగ్గా కనబడలేదు. పెద్దమ్మ మొహంలో మాత్రం ఎంతో భారం దిగిపోయినట్టు కనబడింది. విమానం కోసం ఇక ఎదురుచూడక్కర్లేదు కదా. డబ్బాతో ఒక ఫోటో తీసుకుంటానంటే, లేచి మొహం కడుక్కుని, మా అమ్మ దగ్గర మంచి చీర అడిగి కట్టుకుని వచ్చింది. ఆ ఫోటో గ్రూపులో పెట్టగానే చప్పట్ల బొమ్మలు వరసకట్టాయి. అక్క మరుసటి రోజు మీటింగ్‌లో ఆ ఫోటో అందరికీ చూపించింది. పెద్దమ్మ నవ్వు పక్కన 'షుగర్ నుంచి విముక్తి' అని రాసి ఉంది. నేను ఆ రోజు గర్వపడ్డాను. ఈ మాట రాయడానికి చెయ్యి రావట్లేదు, కానీ పడ్డాను.

పెద్దమ్మ గురించి అమ్మ ఒక్కతే గొణిగింది. "అక్కకు ఎందుకే అది? మందులు ఏసుకునే మనిషి," అంది. "నీకేం తెలుసమ్మా" అన్నాను. నేను పెద్ద తెలిసినదాన్నయినట్టు.

మాత్ర మానేసిన మూడు వారాలకు పెద్దమ్మ చిక్కింది. జాకెట్లు వదులయ్యాయి. సంతోషంగా మా తలుపు దగ్గరకొచ్చి నడుం చుట్టూ కొంగు బిగించి చూపించింది. "చూశావా, ఎంత తగ్గానో. నీ పొడి పని చేస్తంది," అంది. నీళ్ళు తెగ తాగుతున్నాననీ, రోజూ బాటిళ్ళు బాటిళ్ళు ఖాళీ అవుతున్నాయనీ చెప్పింది. లీడర్ అక్కను అడిగితే "బాడీల ఉన్న చెత్తంతా బయటికి పోతున్నది, మంచిదే" అంది. నేను ఆ మాట యథాతథంగా పెద్దమ్మకు అప్పజెప్పాను. అది షుగర్ విపరీతంగా పెరిగినప్పుడు కనబడే లక్షణం అని ఇప్పుడు నాకు తెలుసు. ఆమె ఒళ్ళు కరిగిపోతుంటే, అది నా పొడి గొప్పతనమని మేమిద్దరం గుమ్మంలో నిలబడి నవ్వుకున్నాం.

కాలి దెబ్బ ఎప్పుడు తగిలిందో ఆమెకే తెలియదు. ప్లాస్టిక్ చెప్పులతో ఆ ఎండలో ఇంటింటికీ నడిచే మనిషి. వేళ్ళ మధ్య బొబ్బ లేచి పగిలింది. నొప్పి లేదు. నొప్పి లేకపోతే పెద్ద సంగతి కాదనుకుని పసుపు అద్దుకుని తిరిగింది. ఒక మధ్యాహ్నం మా ఇంట్లో కూర్చుని ఉండగా అమ్మకు వాసన తగిలింది. వంటగదిలో ఏదో పాడైందనుకుని గిన్నెలన్నీ మూతలు తీసి చూసింది. చివరికి పెద్దమ్మ కాలి దగ్గర ఆగి, వంగి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రెండు వేళ్ళు నల్లబడ్డాయి.

ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను, హిందీ, ఇంగ్లీషు వచ్చినదాన్ని కాబట్టి. నర్సు వేలు గుచ్చి రక్తం తీస్తే మిషన్ మీద అంకె కూడా రాలేదు. అంకెకు అందనంత ఎక్కువగా ఉందని చెప్పింది. డాక్టర్ హిందీలో గట్టిగా అడిగాడు, మందులు ఎందుకు మానేశారని. పెద్దమ్మ నా వైపు చూడలేదు. గోడ వైపు చూస్తూ "టాబ్లెట్ ఖలాస్ సార్. ఫ్లైట్ నహీ" అంది. పొడి గురించి ఒక్క మాట అనలేదు. ఆ క్షణంలో నాకు కలిగింది బాధ కాదు. హమ్మయ్య అనుకున్నాను. నన్ను నేను ఎక్కువగా తిట్టుకునేది ఆ హమ్మయ్యకే.

కారిడార్‌లోకి వచ్చి అక్కకు ఫోన్ చేశాను. అక్క మొత్తం విని, చాలా నెమ్మదిగా మాట్లాడింది.

"టెన్షన్ పడకు రా. ఆమె కరెక్ట్‌గ వాడిందా లేదా కనుక్కో ముందు. పొద్దున ఒక్క చెంచా, సాయంత్రం ఒక్క చెంచా. సక్కగ వాడకుంటే మనమేం చేస్తం?"

ఆపరేషన్ అయిన మర్నాడు పెద్దమ్మ మంచం పక్కన కూర్చుని నేను అదే అడిగాను. కాలికి తెల్లటి కట్టు ఉంది. ఆమెకు ఇంకా నీరసం తగ్గలేదు. అయినా అడిగాను, "పెద్దమ్మా, రోజూ రెండు పూటలా తాగావా?" అని.

ఆమె తప్పు చేసిన పిల్లలా తలదించుకుంది. "లేదమ్మా. డబ్బా తొందరగా అయిపోద్దని ఒక పూటే తాగాను. నువ్వు రెండు పూటలా తాగమన్నావు. నేనే తాగలేదు."

నా గుండె మీంచి బండ దింపినట్టయింది. అదిగో, తప్పు ఆమె ఒప్పుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని "పోన్లే పెద్దమ్మా" అన్నాను. క్షమించినట్టు. ఆమెను నేను క్షమించాను.

అక్క గ్రూపులోంచి ఆ వారమే బయటికొచ్చేశాను. మిగిలిన డబ్బాలు అమ్మ చెత్తలో పారేసింది. పెద్దమ్మను వీసా ఉన్న ఇంటివాళ్ళు ఇక అక్కర్లేదన్నారు. నిలబడి వంట చేయలేని మనిషిని ఎవరు పెట్టుకుంటారు? విమానాలు మళ్ళీ మొదలయ్యాక వీసా రద్దు చేసి పంపించేశారు. వీల్‌చెయిర్‌లో కూర్చుని, ఒళ్ళో సంచీ పెట్టుకుని, ఎయిర్‌పోర్టు లోపలికి వెళ్తూ కూడా నాకే జాగ్రత్తలు చెప్పింది. ఎండలో తిరక్కు, టైముకి తిను అని. నేను చెప్పాల్సింది ఆ రోజు చెప్పేయాలనే వెళ్ళాను. చుట్టూ జనం, అమ్మ ఏడుపు, టైము అయిపోతోందన్న తొందర. చెప్పలేదు. ఇవన్నీ సాకులని నాకూ తెలుసు.

తర్వాత రెండేళ్ళు ఆమె అప్పుడప్పుడూ ఫోన్ చేసేది. నేను డిగ్రీ పూర్తి చేసి ఒక ట్రావెల్ ఆఫీసులో చేరాను. ఊళ్ళో చెల్లెలి ఇంట్లో ఉంటున్నాననీ, కర్ర పట్టుకుని నడుస్తున్నాననీ, కూర్చునే వంట చేస్తున్నాననీ చెప్పేది. ప్రతిసారీ నేను వినేదాన్ని, ఊఁ కొట్టేదాన్ని.

పోయిన సంవత్సరం ఒక శుక్రవారం పొద్దున వీడియో కాల్ చేసింది. మొహం కాస్త వడిలింది కానీ గొంతు అదే. అమ్మ ఎలా ఉంది, నాన్న ఎలా ఉన్నాడు, అన్నీ అడిగాక అసలు సంగతికి వచ్చింది.

"మా చెల్లికీ సుగరేనమ్మా. రోజూ సూదేసుకోవాలి. సూదంటే ఏడుత్తాది, చూళ్ళేకపోతన్నాను. ఆ పొడి ఇంకా దొరుకుద్దా? ఎవరన్నా వచ్చేవాళ్ళుంటే రెండు డబ్బాలు పంపించు. మా చెల్లి నాలాగ చెయ్యదు. రెండు పూటలా నేనే దగ్గరుండి తాగిత్తాను. సూది మానిపించేద్దాం."

చెల్లెలు వెనకాల ఎక్కడో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినబడుతోంది.

"వద్దు పెద్దమ్మా," అన్నాను. "సూది మాన్పించొద్దు. ఒక్క పూట కూడా మాన్పించొద్దు. ఆ పొడితో షుగర్ తగ్గదు."

"తగ్గదా?"

"తగ్గదు. రెండు పూటలా తాగినా తగ్గదు. మూడు పూటలా తాగినా తగ్గదు. నీ వేళ్ళు పోయింది మాత్ర మానేసినందుకు. మానేయొచ్చన్నట్టు చెప్పింది నేను. చాలామంది మానేశారని చెప్పానే, అలా మానేసినవాళ్ళెవరూ నాకు తెలియదు. అది అబద్ధం పెద్దమ్మా."

ఫోన్ ఆమె చేతిలో వంగిపోయింది. తెర మీద ఆమె మొహం పోయి పైకప్పు, దాని మీద తిరుగుతున్న ఫ్యాను కనబడ్డాయి. కాల్ కట్ అయిందేమోనని పిలిచాను.

"ఉన్నాను," అంది. "ఆసుపత్రిలో ఒక పూటే తాగానని నేను అన్నప్పుడన్నా చెప్పకపోయావా అమ్మా? ఇన్నాళ్ళూ నా కాలు నేనే పాడుచేసుకున్నానని అనుకుంటన్నాను గదా. ఇంట్లో అందరికీ అదే చెప్పుకుంటన్నాను."

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నాకు ఏడుపు ఒక్కటే వచ్చింది. ఆమె నా ఏడుపు ఆగేదాకా ఉండి, ఏడవకని కూడా అనకుండా, చెల్లెలికి సూది వేసే వేళయిందని చెప్పి ఫోన్ పెట్టేసింది.